జరీ తలపాగా

కరువు తీరిన మరుసటేడు ఆత్మకూరు నుంచి ఉదయగిరికి ఒంటెద్దు బండిలో వెళ్ళాను. ఎండ మండిపోతున్నా బండి తోలే పెద్దాయన నెత్తిన గుడ్డ లేదు. పెద్ద మిట్ట రాగానే తను దిగి, నన్నూ దిగమన్నాడు. విసుక్కుంటూ నడిచాను.

"ఈ మిట్టెక్కే బండి పందెం ఏటా నేనే గెలిచినాను సామీ. గెలిచినోడికి జరీ తలపాగా కట్టేవోళ్లు."

"అవన్నీ ఏవి?"

"కరువులో ఎద్దు మేతకు అమ్మేసినా. ఒకటే ఉండాది."

కాడి కిందికి చెయ్యి చాపాడు. ముసలి ఎద్దు మెడ ఒరుసుకుపోకుండా అక్కడ మడతపెట్టిన జరీ గుడ్డ ఉంది.

"నీ నెత్తి మాడిపోతోంది కదయ్యా!"

"గెలిచింది ఇదే గదా సామీ," అని ఎద్దు వీపు నిమిరి నవ్వాడు.

మిట్ట దాటాక బండెక్కమన్నాడు. ఇంకాస్త దూరం నడుస్తానన్నాను.