మా గుడ్లు తినకండి

మదీనాగూడలో మా జాగా రోడ్డు కంటే మూడడుగులు పల్లంలో ఉండేది. వాన పడితే హైవే మీది నీళ్లన్నీ మా కోళ్ల దొడ్లోకే వచ్చేవి. మా బావ, అంటే మా ఆయన అన్న, తెలిసిన టిప్పర్ డ్రైవర్‌ని పట్టుకుని నాలుగు లోడ్ల మట్టి ఊరికే కొట్టించాడు. ఎక్కడో ఊరవతల పాత షెడ్డు కూలగొడుతున్నారట, మట్టి ఎత్తుకెళ్లేవాళ్లు కావాలట. ఊరికే వస్తోంది కదా అని, అదేం షెడ్డని మాలో ఎవరమూ అడగలేదు.

ఆ మట్టి నల్లగా, మెత్తగా ఉండేది. కోళ్లకు పండగే. పొద్దంతా అందులో గుంతలు చేసుకుని పొర్లాడేవి, గింజలు వేస్తే మట్టితో కలిపి మింగేవి. మధ్యమధ్య నల్లటి ప్లాస్టిక్ పెంకులు, బూడిదరంగు రేకు ముక్కలు కనిపిస్తే, కోళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయని నేనే ఏరి పారేశాను. ఇవి ఇక్కడికెలా వచ్చాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ తెలివితక్కువతనం అచ్చంగా నాదే.

పక్క అపార్ట్‌మెంట్ వాళ్లకు మా నాటుకోడి గుడ్లంటే ప్రాణం. గచ్చిబౌలి ఆఫీసులకు పోతూ పోతూ మా గేటు ముందు ఆగేవాళ్లు. "ఆరుబయట తిరిగే కోళ్లు కదండీ" అని వాళ్లు మెచ్చుకుంటే, "మందులు లేవు, మాయలు లేవు, మట్టిల తిరిగి తిన్న కోళ్లు" అని నేను ఇంకాస్త గొప్పలు పోయేదాన్ని.

రెండో అంతస్తులో ఉండే కాకినాడ ఆవిడ ఒకరోజు దవాఖాన కాయితాలు పట్టుకుని వచ్చింది. ఆమెకు మూడేళ్ల కూతురు. ఆ పాప రోజూ తినే గుడ్డు మా దొడ్డిదే.

"పాపకి కడుపునొప్పి తగ్గట్లేదండి. రక్తంలో సీసం ఉందన్నారు. ఇంట్లో నీళ్లు, గోడల రంగులు, బొమ్మలు అన్నీ చూపించామండి. ఇక మీ గుడ్లే మిగిలాయి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "బజార్ల దొరికే చెత్తంత తినిపిచ్చి నా కోళ్ల మీద పడ్తున్నవేంది?" అన్నాను. ఆవిడ "ఒక్కసారి పరీక్ష చేయించండి, అంతేనండి" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ కోపంతోనే చేయించాను, కాయితం తెచ్చి ఆవిడ మొహాన కొట్టాలని. గుడ్లు, దొడ్డి మట్టి రెండూ ల్యాబులో ఇచ్చాను. కాయితం వచ్చిన రోజు ల్యాబు ఆమె నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. రెంటిలోనూ సీసం ఉంది, మట్టిలో మరీ ఎక్కువ. పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే చోట మట్టి ఇలా తయారవుతుందట. కోడి మింగిన సీసం గుడ్డులోకి వస్తుందట. నేను ఏరి పారేసిన పెంకులు కళ్ల ముందు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

బావ ఆ కాయితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండో అంతస్తామెకు ఒక్కదానికి చెప్తె చాలు. అందరికి చెప్పుడెందుకు? కోళ్లను సంతల అమ్మేద్దాం, మట్టి తీపిద్దాం. జాగకు చెడ్డపేరొస్తె ఇగ ఎవడు కొంటడు?"

"సంతల కొన్నోళ్ల ఇంట్ల పిల్లలుండరా బావా?"

"గిట్ల నోరు చేస్తె ఇంటి పరువేమైతది?"

"పరువు సంగతి మీరు చూస్కోండ్రి. గుడ్లమ్మింది నేను. ఎవరెవరు తిన్నరో నాకెరుకే. కాయితం ఇయ్యిండ్రి."

కాపురానికి వచ్చాక బావకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన జేబులోంచి తీసి కాయితం ఇచ్చేశాడు. కోళ్లన్నిటినీ గూట్లో పెట్టి తాళం వేశాను. తాళంచెవి కొంగున కట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ముందు రెండో అంతస్తుకు వెళ్లాను. పాప సోఫాలో మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. "తప్పు నాదేనమ్మా" అని కాయితం చేతిలో పెట్టాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కణ్ణించి ఒక్కో తలుపూ కొట్టుకుంటూ వచ్చాను. అసోసియేషన్ పెద్దమనిషి మెట్ల మీదే ఆపాడు. "ఇలా అందర్నీ భయపెడితే ఎలాగండీ? ఆదివారం మీటింగులో మాట్లాడదాం."

"ఆదివారం దాంక తింటనే ఉంటరు సార్. ఫ్రిజ్జులల్ల ఉన్నయి."

వాచ్‌మన్‌తో నన్ను బయటికి పంపించారు. పోతే పోయిందని గేటు ముందే నిలబడ్డాను. ఆఫీసు క్యాబులు బయల్దేరే వేళ అది, ఎవరైనా నా ముందు నుంచే పోవాలి. ఒకాయన అందరి ముందూ అరిచాడు, ఇన్నాళ్లూ తెలీదా అని. "నిన్న తెల్సింది, ఇయ్యాల చెప్తున్న" అన్నాను. తల మాత్రం దించలేదు.

అంతలో ఐదో నెల కడుపుతో ఉన్న అమ్మాయి వచ్చింది. కడుపుతో ఉంది కదా అని ఆమెకు పెద్ద గుడ్లు నేనే ఏరి ఇచ్చేదాన్ని. నేను చెప్పింది విని, "రోజుకు రెండు తింటున్నానండీ" అంది. చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"దవాఖానకు పోదాం పా బిడ్డా. రక్తం చూపిద్దాం. నేను గూడ చూపించుకుంట, నేను గూడ అవే తిన్న."

ఆమె ఆఫీసుకని పిలిపించుకున్న క్యాబులోనే పక్కన కూర్చున్నాను. కొండాపూర్ వైపు తిరుగుతుండగా బావ ఫోన్ చేశాడు.

"ఇగ చాలు. ఇజ్జత్ మొత్తం తీసినవ్, ఇంటికి రా."

"ఇంక చెప్పాల్సినయి పద్నాలుగిండ్లు ఉన్నయి బావా" అని ఫోన్ పెట్టేశాను.