దీపాన్ని చూసి అరిచిన అలారం

పక్కవీధిలో మధ్యాహ్నం నుంచీ సైరన్ అరుస్తోంది. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఏ కర్టెనో కదిలి ఉంటుందని సరిపెట్టుకున్నారు. రేపు నిజంగా దొంగ వచ్చినా ఇలాగే సరిపెట్టుకుంటారు. ఆ కూత వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వెంటనే రత్నం గారు గుర్తొస్తారు.

భీమవరంలో అలారాలు అమ్మే కొట్టు ఆయనది. నాకు పెద్దగా చదువు లేకపోయినా లెక్కలంటే ఇష్టమని గమనించి పనిలో పెట్టుకున్నారు. ఏ సెన్సార్ ఎంత ఎత్తులో ఉంటే ఎంత మేర చూస్తుందో గోడ మీద గీయించి నేర్పారు.

ఒక రొయ్యల మేత వ్యాపారి ఇంటి హాల్లో మా కొట్టువాళ్ళమే సెన్సార్ బిగించాం. వాళ్ళు అన్నవరం వెళ్ళినప్పుడల్లా అది మోగేది. రెండో తాళంచెవి వంటమనిషి మరియమ్మ దగ్గర ఉండేది. ఇంకేం, ఆవిడే లోపలికి వస్తోందని వీధంతా చెప్పి పని మానిపించేశారు. చర్చిలో కూడా జనం ఆవిడ పక్కన కూర్చోవడానికి వెనకాడారట. ఇంట్లో పోయిన వస్తువు మాత్రం ఒక్కటీ లేదు. ఆ చిన్న లెక్క ఎవరికీ పట్టలేదు.

విషయం తెలిసి రత్నం గారు నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళారు. మరియమ్మనూ పిలిపించారు. ఊరెళ్ళే రోజు ఏం చేస్తారో అచ్చం అలాగే చేయమన్నారు. ఇంటావిడ దేవుడి దగ్గర పెద్ద ప్రమిదలో దీపం వెలిగించి, గాలాడాలని కిటికీ పైరెక్కలు తెరిచి, అలారం వేసి తలుపుకు తాళం పెట్టింది. అందరం వరండాలో నిలబడ్డాం. కాలవ గాలి వీచగానే సైరన్ మొదలైంది.

"మరియమ్మ ఇక్కడే ఉందండి. మరి లోపల ఎవరండి?" అన్నారు రత్నం గారు.

ఆ సెన్సార్ పసిగట్టేది కదిలే వేడిని. దాని ఎదురుగా దేవుడి గది, గాలికి ఊగే దీపం. దీపం పెట్టకుండా ప్రయాణమయ్యే ఇళ్ళు మా వైపు ఎన్ని ఉంటాయి? అది అడక్కుండా బిగించడం తమ తప్పేనని ఆయన అక్కడే ఒప్పుకున్నారు. దీపం, కిటికీ రెండూ కనబడని మూలకు దాన్ని మార్పించి, తలుపులకు తెరిస్తేనే మోగే అయస్కాంతం సెన్సార్లు వేయించారు.

వ్యాపారి నవ్వేశాడు. "మిషన్ అన్నాక పొరపాటు సహజమండి. రేపట్నుంచి వచ్చెయ్, మరియమ్మా."

"వీధిలో అన్న మాట వీధిలోనే వెనక్కి తీసుకోండి," అన్నారు రత్నం గారు.

"వంటమనిషికి క్షమాపణా? భలేవారే మీరు."

మరియమ్మ తాళంచెవి వరండా గోడ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. రత్నం గారు ఆ వీధిలో గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, తప్పు తన కొట్టుదని, ఆవిడది కాదని చెప్పారు. కొందరు టీవీ చూస్తూనే తలాడించారు. తర్వాత కూడా ఏ ఇంటివాళ్ళూ ఆవిడను పనికి పిలవలేదు.

ఇప్పుడు సెన్సార్ బిగించే ముందు, మనుషులు లేనప్పుడు ఇంట్లో ఏమేం కదులుతాయో అడుగుతాను. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అడుగుతాను. అదెందుకని విసుక్కుంటారు.

"ఊరికే మోగితే మీరు ముందు ఎవరి పేరు చెబుతారో తెలియాలి కదండి," అంటాను.