సారుకు రాని గుణింతాలు

ఉర్దూలో చదువుకుని, ఉర్దూలోనే పరీక్ష పాసై, ఖానాపూర్ దగ్గరి ఒక పల్లెలో పంతులుగా చేరినవాణ్ణి నేను. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడాది, బడుల్లో ఇకనుంచి పాఠాలు తెలుగులో చెప్పాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆ కాగితం ఉర్దూలో ఉంది కాబట్టి చదవగలిగాను. ఇంట్లో మాట్లాడింది తెలుగే అయినా, రాయడం నాకెవరూ నేర్పలేదు. సుద్దముక్క పట్టుకుంటే, ఉర్దూ రాసిన అలవాటుకు చెయ్యి దానంతట అదే బోర్డు కుడివైపుకు పోయేది.

ఈ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. బడి మొత్తానికి నేనొక్కణ్ణే పంతులును. ఊళ్ళో చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. బడి వెనక గదిలో వండుకుని తినేవాణ్ణి. పలకరించే మనిషి ఉండేవాడు కాదు, ఉన్నా నోరు విప్పేవాణ్ణి కాదు. అక్షరాలు రాని పంతులనిపించుకోవడం కంటే మూగవాడిలా బతకడమే నయమనుకున్నాను. నాకు మొదటినుంచీ పరువు పిచ్చి ఎక్కువ.

అందుకని నేను చెప్పకుండానే పిల్లలు నేర్చుకునే దారి వెతికాను. తర్వాత దీన్ని చాలామంది మెచ్చుకున్నారు గానీ, అందులో తెలివి పాలు తక్కువ, భయం పాలు ఎక్కువ. నిర్మల్‌లో ఒక అక్షరాల పటం కొని, ముక్కలుగా కత్తిరించి అట్టలకు అంటించాను. అట్ట చూసి నేలమీద సుద్దతో పెద్దగా అక్షరం గీస్తే, చిన్న తరగతి పిల్లలు ఆ గీత వెంట చింతగింజలు పేర్చాలి. పటంలో బొమ్మలు ఉన్నాయి కనుక అక్షరాల వరకు పోల్చుకోగలిగాను. గుణింతాల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాను.

చిన్న తరగతిలో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె ఉండేది. భజన పుస్తకాలు చదివే తాత దగ్గర ఇసుకలో గుణింతాలన్నీ దిద్ది వచ్చింది. నేలమీద గీసే పని ఆమెకు అప్పగించాను. ఆమె గీసేది, మిగతావాళ్ళు గింజలు పేర్చేవాళ్ళు. అది అయ్యాక బయటికి పోయి, ఆ అక్షరంతో మొదలయ్యే వస్తువు ఏదైనా తెచ్చి పక్కన పెట్టాలి. ఈకలు, ఉల్లిగడ్డలు, రాళ్ళు వచ్చేవి. ఒకడు ఎముక తెచ్చాడు. ఎక్కడిదని నేను అడగలేదు. తప్పు వస్తువు తెస్తే ఆమే తిప్పి పంపేది. నేను పెద్ద తరగతికి లెక్కలు చెబుతూ, ఓరకంట ఆమె చెయ్యి ఎటు తిరుగుతోందో చూసేవాణ్ణి.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక నేనూ కూర్చుని గింజలు పేర్చేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ మనిషిని, ఖాళీ బడిలో, మోకాళ్ళ మీద. ఎవరైనా గడపలోకి వస్తే బాగుండుననీ అనిపించేది, వస్తారేమోనని భయమూ వేసేది. అంత ఒంటరితనం తర్వాత ఎన్నడూ ఎరగను.

తనిఖీకి వచ్చిన అధికారి, పిల్లలు పంతుల్ని అడగకుండా తమంతట తామే పని చేసుకుంటున్నారని మురిసిపోయి, రిజిస్టరులో నాలుగు మంచి మాటలు రాసి పోయాడు. దాంతో నా పరువు ఇంకో జానెడు పెరిగింది. నిజం చెప్పడం అంతకంత కష్టమైంది.

ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున ఆ పిల్ల తండ్రి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"సారూ, మా పెద్దబిడ్డకు కాన్పైంది. పోరన్ని ఎత్తుకునేటందుకు దీన్ని ఆడికి తోలుత. గిక్కడ గింజలాటనే ఆడుతున్నదట గద."

చెప్పడం అయినా ఆయన కదల్లేదు.

"నాకైతే మనసొప్పుతలేదు. బడంటే దానికి పానం. జర మీరే చెప్పుండ్రి. గిది లేకుంటే బడి నడువదంటే, దీన్ని ఈడనే ఉంచి మా చెల్లెను తోలుత."

ఆ పిల్ల సుద్దముక్క చేత్తో పట్టుకుని నేలమీద వంగి ఉంది. మా వైపు చూడలేదు. ఆమె లేకపోతే బడి నడవదన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఎందుకు నడవదని ఆయన అడుగుతాడు. పెద్ద తరగతి పిల్లలు చెవులు రిక్కించి ఉన్నారు.

"నడుస్తది" అన్నాను.

ఆమె సుద్దముక్క కిటికీలో పెట్టి, చేతులు లంగాకు తుడుచుకుని, బాపు వెంట వెళ్ళిపోయింది. మర్నాడు పిల్లలు గింజలు గుప్పిట్లో పట్టుకుని నేల చుట్టూ కూర్చున్నారు. నేనే గీశాను. అప్పటికి నాకు గుణింతాలు సగమే వచ్చాయి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వానలు మొదలయ్యాక ఖానాపూర్ అంగట్లో ఆమె కనిపించింది. చంకలో అక్క కొడుకు ఉన్నాడు. అక్క మిరపకాయలు బేరమాడుతుంటే నా దగ్గరికి వచ్చి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సారూ, మీకు గుణింతాలన్ని అచ్చినయా?"

ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు. వచ్చాయన్నట్టు తల ఊపాను. ఆమె మొహం విప్పారింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అంగట్లో కొన్న సరుకులు గదిలో పడేసి, ఆ సాయంత్రమే వాళ్ళ బాపు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. బడి నడిపింది నీ బిడ్డే, మళ్ళీ పంపమన్నాను.

"ఇప్పుడెట్ల సారూ? పెద్దబిడ్డ నాట్లకు పోతున్నది. పోరడు దీని చంక దిగుతలేడు." నావైపు చూశాడు. "గీ మాట గా దినం చెప్తే మీకు పోయేదేముండె?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు.