బరువు ఎవరు మోస్తుండ్రు?

ఎర్రగడ్డ నుంచి వచ్చే ఆ ముసలి వెల్డర్ ఏ పనికైనా ముందు అతికించాల్సిన భాగం కింద అరచెయ్యి పెట్టి చూసి, "బరువు ఎవరు మోస్తుండ్రు సార్?" అని అడిగేవాడు. ఫిలింనగర్‌లో సినిమాలకు కార్లు సిద్ధం చేసే నేను ఆ మాటకు నవ్వేవాణ్ణి.

ఒక ఛేజింగ్ సీన్ కోసం కారుకు ఇంజన్ శక్తి పెంచే పెద్ద టర్బో పెట్టించాను. ఇంజన్ పొగను అందులోకి పంపే గొట్టాల మానిఫోల్డ్‌ను ఆయనే వెల్డింగ్ చేశాడు. టర్బో కింద ఒక ఇనుప పట్టీ కూడా బిగించాడు.

"వేడికి ఇనుము సాగుతది, అందుకే జర కదిలెటట్టు పెట్టిన. గీ పట్టీ తీస్తే బరువంతా అతుకు మీదనే పడ్తది. పగుల్తది."

బానెట్ ఎత్తే షాట్‌లో పట్టీ వికారంగా కనిపిస్తోందని డైరెక్టర్ అన్నాడు. నేనే విప్పాను. తిరిగి పెట్టడం మరిచిపోయాను.

మూడో రోజు జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుండగా మానిఫోల్డ్ పగిలింది. షూటింగ్ ఆగిపోయింది.

"మీ ముసలాయన అతుకేనా ఇది?" అని ప్రొడక్షన్ మేనేజర్ నా మీద అరిచాడు.

"అవునండీ," అన్నాను.

కబురందుకుని వెల్డర్ వచ్చాడు. చల్లారిన టర్బో కింద చెయ్యి పెట్టాడు. పట్టీ ఉండాల్సిన చోట ఖాళీ బోల్టు రంధ్రాలను వేలితో తడిమాడు. నాకొక్కడికే వినపడేలా, "బరువు ఎవరు మోసిండ్రు సార్?" అన్నాడు. నేను ఫోన్ చూసుకున్నాను.

తర్వాత ఆయన్ను ఎవరూ పనికి పిలవలేదు. ఇప్పటికీ ఇక్కడి గ్యారేజీల్లో ఏది పగిలినా "ఎర్రగడ్డ అతుకు" అని నవ్వుతారు. వాళ్లతోపాటు నవ్వీ నవ్వీ అలసిపోయాను. ఆయన అతుకులో లోపం లేదు. ఆయన అలా అడిగినప్పుడు పట్టీ నా కారు డిక్కీలోనే ఉంది.