దోర్నాల ఘాటులో వసంత సైకిలు

2015 డిసెంబరు 20, ఆదివారం. తెల్లవారేలోపు పాలు కాచడం, రెండు వాయిల ఇడ్లీ, మగవాళ్లకు మధ్యాహ్నానికి పప్పు, దారికి పులిహోర, అన్నీ నేనే. మా తోటికోడలు వసంత మాత్రం జడ బిగించుకుని సైకిలు గాలి చూసుకుంటోంది.

ఈ ప్రయాణానికి కారణం ఆమె కోరిక. పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం దాకా సైకిలు తొక్కాలట, నలభై ఏళ్ల వయసులో. చదును మీద ఆగొచ్చు గానీ ఎక్కుడులో మాత్రం కాలు దించకూడదని ఆమెకు నేర్పిన జాన్ మాస్టారి షరతు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మొదట మా ఇద్దరినీ రమ్మన్నారు. ఇద్దరం పొద్దున్నే గ్రౌండుకు పోతే పొయ్యి దగ్గర ఎవరుంటారు? పెద్దదాన్ని కనుక నేనుండిపోయాను. నాలుగు నెలలు ఆమె వంట వంతు కూడా నేనే చేశాను. మాస్టారు ఆమె సీటు పట్టుకుని వెనక పరుగెత్తుతుంటే డాబా మీది నుంచి చూసేదాన్ని. నా వెనక ఎప్పుడూ ఎవరూ అలా పరుగెత్తలేదు.

మార్కాపురంలో మొదటి బస్సు పైకి సైకిలు ఎక్కించాం. కారియర్ మీద ఎప్పటిలాగే పలకల కట్ట. గంటసేపట్లో దోర్నాల చేరాం. సెంటర్లో దోసె, టీ అయ్యాక ఆటో మాట్లాడాను. డ్రైవరు ఖాసీం రెండు వేలన్నాడు, రానూపోనూ పదిహేను వందలకు ఒప్పుకున్నాడు. ఆరింటికి చెక్‌పోస్టు తెరిచారు. ముందు వసంత, వెనక మార్కాపురం నుంచే మోపెడ్ మీద వచ్చిన మాస్టారు, ఆ వెనక ఆటోలో పులిహోర డబ్బాతో నేను.

అడవి చల్లగా, బాగుంది. నేను సరిగా చూసింది లేదు. ఎదురొచ్చే బస్సుల్లో జనం వసంతకు చేతులూపుతున్నారు. గొలుసు జారితే బాగుండుననుకున్నాను.

శ్రీశైలానికి కాస్త ముందుండే శిఖరం గుడికి చేరే ఆఖరి ఎక్కుడులో ఆమె సైకిలు అటూ ఇటూ ఊగడం మొదలైంది. ఖాసీం అడిగాడు: "కొండెక్కే సైకిలికి ఆ మూట ఏందమ్మా?"

"పలకలు" అన్నాను మామూలుగా. అన్నాక తల బయటపెట్టి ఆ కట్ట వైపు మళ్లీ చూశాను.

మాది బడిపిల్లలు రాసుకునే రాతి పలకల దుకాణం. రోజూ ప్రాక్టీసు అయ్యాక ఫ్యాక్టరీ నుంచి ఒక కట్ట తెచ్చి దుకాణంలో దించడం వసంత పని. శ్రీశైలంలో ఒక అంగడికి ఇవ్వమని మా మరిది రాత్రే కట్ట కట్టి పెట్టాడు. నేను చూశాను, మాస్టారూ చూశారు. మా ఊళ్లో పలకలు లేని సైకిలే వింతగా కనిపిస్తుంది. అది బరువన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"రాళ్లు గట్టుకోని ఎక్కుతాందా ఆయమ్మ?" ఖాసీం నవ్వాడు.

ఆగి దించుకోమంటే కాలు దించినట్టే. పోనీలే, ఓడిపోనీ అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ నాలుగు నెలల్లో నా వంట కూడా ఉంది. అది వృథా కావడం నాకిష్టం లేదు. ఆటో ఆపించి, కొంగు దోపుకుని పరుగెత్తాను.

"అక్కా, నువ్వేంది ఈడ?"

"మాట్లాడకుండా తొక్కు. తాడు విప్పుతాండా."

మరిది ముడి ఒక పట్టాన రాలేదు. ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో లాగుతూ మలుపు దాకా ఉరికాను. కట్ట నా మీదికి జారింది, సైకిలు ముందుకు దూకింది. పలకలు ఒళ్లో పెట్టుకుని పిట్టగోడ మీద కూలబడ్డాను.

మాస్టారు మోపెడ్ ఆపారు. "ఇంత పరిగెత్తేదానివి గ్రౌండుకు ఎందుకు రాలేదమ్మా?"

"వంట ఎవరు జేచ్చారు మాస్టారూ?"

ఆయన వసంత పోయిన వైపు చూశారు.

శిఖరం దగ్గర వసంత చుట్టూ జనం చేరి ఫోటోలు తీసుకుంటున్నారు. పలకలు మోసినదాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. మాస్టారు ఆమెను పక్కకు పిలిచి ఏదో అడిగారు. వసంత తిరిగొచ్చి నా పక్కన కూర్చుని పులిహోర డబ్బా తీసింది. "రేపట్నుంచి పొద్దున పొయ్యి నాది అక్కా. సైకిలు నువ్వు తీసుకపో" అంది.

ఆమె మీద అసూయ పోయిందని చెప్పను. పైనుంచి అడవి ఎలా ఉంటుందని అడిగితే నాకు గుర్తొచ్చేది ఆమె వెనక చక్రమే. అయితే ఆ మలుపు దాకా ఆ సీటు పట్టుకున్నది నా చెయ్యి. వెళ్లాలనుకునేవారికి ఒక మాట: కార్తీకమాసం, సోమవారాలు వద్దు, రద్దీ. బయల్దేరే ముందు కారియర్ మీద ఏముందో మీ ఊరు కాని మనిషికి ఒకసారి చూపించండి.

ఇది రాస్తున్నది సోమవారం. వసంత పెట్టిన ఇడ్లీలు కాస్త గట్టిగా వచ్చాయి. మోకాలు గీరుకుపోయి గ్రౌండు నుంచి వచ్చి నాలుగు తిన్నాను. నా వెనక మాస్టారు పరుగెత్తారు. నాలుగు నెలల వంట బాకీ చెల్లు.