అర క్రెడిట్ కోసం అరవై గంటలు

మా హైస్కూల్లో ఏ పిల్లకి ఏ క్లాసు కావాలో, చదువు పూర్తయితే ఇచ్చే డిప్లొమాకి ఎవరికి ఎన్ని క్రెడిట్లు తక్కువయ్యాయో చూసే ఉద్యోగం లూడివీన్ టిబొడో గారిది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే గదిలో కూర్చుని చేశారు. ఆ గది కిటికీలోంచి బాయిలర్ పొగగొట్టం తప్ప ఇంకేం కనపడేది కాదు. చూడ్డానికి ఏమీ లేదు కాబట్టే పిల్లలు తొందరగా తేల్చుకుంటారని ఆవిడే నవ్వేవారు. ఆవిడ పుణ్యమా అని నేనివాళ నర్సుని. అయితే ఒకప్పుడు నెలరోజుల పాటు ఆవిడ పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది. ఆ సంగతే ముందు చెప్పాలి, లేకపోతే నా కృతజ్ఞతకి అర్థం ఉండదు.

పెద్దయ్యాక ఏమవుతావని ఆవిడ ఎవర్నీ అడిగేవారు కాదు. పద్నాలుగేళ్ళ మగపిల్లల్ని అడిగితే అందరూ పైలట్లే అవుతారు, మరి బంగాళాదుంపలు ఎవరు పండిస్తారు అనేవారు. ఆవిడ అడిగేది ఒకటే: ఇంట్లో ఎవరూ చెప్పకుండానే నువ్వు చేసే పని ఏది? మా బామ్మ కాలి పుండుకి రోజూ కట్టు మార్చేది నేనేనని చెప్పాను. వాసన రాదా అని అడిగారు. వస్తుంది, అయితే ఏం అన్నాను. అంతే, నా కాగితం మీద బయాలజీ, కెమిస్ట్రీ రాసేశారు. కెమిస్ట్రీ వద్దు, కుట్టుపని ఇవ్వండి అని బతిమాలాను. ఆఖరి ఏడాదిలో కుట్టుపని కూడా ఇస్తాలే అన్నారు. అన్నట్టే ఇచ్చారు, అదే నా కొంప ముంచింది.

ఏటా వసంతంలో క్లాసుల కాగితం మీద అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. మా అమ్మానాన్నల తరంవాళ్ళు స్కూలు గడప తొక్కేవాళ్ళు కాదు. చిన్నప్పుడు అక్కడ మా ఇళ్ళలో మాట్లాడే ఫ్రెంచి ఒక్క ముక్క మాట్లాడినందుకు మోకాళ్ళ మీద నిలబెట్టారు వాళ్ళని. అందుకని టిబొడో గారే ఇంటింటికీ వచ్చేవారు, అద్దాల దాకా బురద కొట్టుకున్న కారులో. స్కూల్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడని మనిషి మా వంటింట్లోకి రాగానే మా ఫ్రెంచిలోకి దిగిపోయేవారు. అమ్మ పెనం మీంచి తీసిన బక్‌వీట్ గింజల పిండి అట్లు వెన్న రాసుకుని చుట్టి తింటూనే, జామెట్రీ ఎందుకో నాన్నకి నచ్చచెప్పేవారు. క్యుబెక్ సరిహద్దు పక్కనున్న మా లోయలో అందరూ అందరికీ చుట్టాలే, నాన్నకి ఆవిడ ఏదో వరసలో అక్క అవుతారు.

"ఈ జామెట్రీ వచ్చి నా దుంపలు తవ్వుతుందా లూడివీన్?" అనేవాడు నాన్న.

"నువ్వు మాత్రం తవ్వుతున్నావా అల్ఫె? ట్రాక్టరు తవ్వుతోంది, నీ పిల్లలు ఏరుతున్నారు. ముందు సంతకం పెట్టు."

నాన్న పెట్టేవాడు. అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి వినేది. ఎనిమిదో తరగతి అవగానే చదువు మానిపించి ఇల్లు చూసుకోమన్నారు తనని. స్కూలు మాట వచ్చినప్పుడు తను నోరు విప్పేది కాదు.

మా బళ్ళు ఆగస్టులోనే తెరుస్తారు. సెప్టెంబరు మూడోవారంలో దుంపల కోతకి మూడు వారాలు మూసేస్తారు. పిల్లలంతా పొలాల్లో బుట్టలు పట్టుకుని వంగుతారు, టీచర్లలో సగంమంది కూడా. నేను ఆఖరి ఏడాదిలో ఉండగా, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, ఆ మూడు వారాలూ వానే. బడి తెరిచే రోజుకి మా దుంపలు సగం మట్టిలోనే ఉన్నాయి. మంచు పడితే ఏడాది కష్టం మట్టిపాలే. నాన్న నన్ను ఇంకో రెండు వారాలు పొలంలోనే ఉంచాడు. పది బడిరోజులు పోయాయి. పదకొండో రోజు పొద్దున చివరి పీపాలు బండికెత్తి, మట్టి చేతులతోనే బస్సు కాకుండా ట్రక్కులో బడికి పోయాను. అప్పటికి మొదటి పీరియడ్ అయిపోయింది. ఆ మొదటి పీరియడే కుట్టుపని.

పూర్వం నుంచీ మా దగ్గర దుంపల కోసం బడి మానితే మానినట్టు కాదు. రిజిస్టర్లో పేరు పక్కన 'దుంపలు' అని రాస్తే సరిపోయేది. టిబొడో గారూ నా కార్డు మీద అలాగే రాసి పక్కన పెట్టారు. కానీ ఆ ఏడాది రాష్ట్రం నుంచి కొత్త నిబంధన వచ్చింది: ఏ క్లాసుకైనా అర ఏడాదిలో పదిసార్లకి మించి రాకపోతే కారణం ఏదైనా సరే ఆ అర ఏడాదికి వచ్చే అర క్రెడిట్ పోయినట్టే. ఆ ఉత్తరం వచ్చిన వారం ఆవిడ తమ్ముడి పొలంలో దుంపలు ఏరుతున్నారు. తిరిగొచ్చాక దాన్ని మిగతా కాగితాలతో పాటు సొరుగులో పెట్టేశారు. ఏప్రిల్లో ఆఖరి ఏడాది పిల్లల కార్డులన్నీ మళ్ళీ కూడుతుంటే అప్పుడు ఆ ఉత్తరం దొరికింది. మిగతా అన్ని క్లాసులూ నేను మానింది సరిగ్గా పదిసార్లు, కుట్టుపని మాత్రం పదకొండుసార్లు. డిప్లొమాకి ఇరవై క్రెడిట్లు కావాలి. నాకు పంతొమ్మిదిన్నర.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చారు. అట్లు పెడితే ముట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు. "తప్పు నాది. నీది కాదు అల్ఫె, పిల్లది అసలే కాదు. అక్టోబరులోనే ఆ ఉత్తరం చదివుంటే జనవరిలో ఇంకో క్లాసు ఇచ్చేదాన్ని," అన్నారు.

ఆసుపత్రి వాళ్ళ నర్సింగ్ స్కూల్లో నాకు సీటు ఇచ్చారు, జూన్ ఆఖరులోపు డిప్లొమా చూపిస్తేనే. మా ఇంట్లో హైస్కూలు పూర్తి చేయబోయే మొదటి మనిషిని నేను. అమ్మ అప్పటికే నా తెల్ల బూట్లు కొని మంచం కింద దాచింది.

మరునాటికి ఊరంతా తెలిసిపోయింది. ఇదేం పెద్ద సమస్య కాదన్నారు అందరూ. ప్రిన్సిపాలు గారే ఆ పదకొండుని పది చేసెయ్యమన్నారట. కుట్టుపని టీచరు కూడా ఆ పిల్ల ఆరోజు వచ్చిందేమోలే, నాకు సరిగ్గా గుర్తులేదు అనడానికి సిద్ధపడింది. కాదన్నది టిబొడో గారొక్కరే. నేను ఆవిడ గదికి వెళ్ళి నిలదీశాను. తప్పు మీదే అని మీరే అన్నారు, దిద్దడానికి చేతులు రావా అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆవిడ కోప్పడలేదు. "దక్షిణాన ఇంగ్లీషు మాట్లాడే కింది ఊళ్ళవాళ్ళకి మన పిల్లల డిప్లొమా అంటే ఇప్పటికే చులకన, రెజాన్. జాలిపడి ఇచ్చారంటారు. ఇందులో ఒక్క అంకె దిద్దానంటే వాళ్ళన్నది నిజమవుతుంది. నీకు జాలి వద్దు, క్రెడిట్ కావాలి. అది సంపాదించే దారి చూశాను," అన్నారు.

దారి ఏమిటంటే, సర్టిఫికెట్ ఉన్న టీచరు దగ్గర అరవై గంటలు చదివితే అర క్రెడిట్ ఇవ్వొచ్చు. ఆవిడకున్న సర్టిఫికెట్ ఫ్రెంచికి. ఇంట్లో పుట్టినప్పట్నుంచీ మాట్లాడేది అదేగా, అందులో నేర్చుకోడానికేముంది అని ఎగతాళి చేశాను. ఆవిడ ఫ్రెంచి పంచాంగంలోంచి ఒక పేజీ నా ముందు పెట్టి చదవమన్నారు. చదవలేకపోయాను. రోజూ నోట్లో నానే మాటలు కాగితం మీద ఎదురైతే గుర్తుపట్టలేకపోయాను. ఆ భాష రాసుకునేదని మాకెవరూ చెప్పలేదు మరి.

అలా మొదలైంది. రోజూ పొద్దున ఆరుంబావు నుంచి ఏడున్నర దాకా స్కూల్లో, శనివారం ఆవిడ వంటింట్లో రెండు గంటలు. మొదటి నెలంతా నేను మూతి ముడుచుకునే కూర్చున్నాను. ఆలస్యంగా వెళ్ళినా ఏమీ అనేవారు కాదు, గడియారం చూసి నేను వచ్చిన నిమిషం నుంచే రాసుకునేవారు. నేను దొంగిలించిన అయిదు నిమిషాలు మళ్ళీ నేనే చదవాలని అర్థమయ్యాక ఆలస్యం మానేశాను. మే నెల వచ్చేసరికి ముక్క ముక్కగా చదవడం వచ్చింది. క్యుబెక్‌లో ఉన్న మా పిన్ని ఉత్తరాలు అంతకుముందు చర్చి ఫాదర్ ఇంట్లో పనిచేసే ఆవిడ వచ్చి చదివిపెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు నేనే చదివాను. అమ్మ కుళాయి కట్టేసి మరీ వినేది. అదే ఉత్తరం మళ్ళీ చదవమనేది.

ఒక పొద్దున ఉండబట్టలేక టిబొడో గార్ని అడిగాను, ఎవరూ చెయ్యని ఈ చాకిరీ మీకెందుకు అని. ఆవిడ చెప్పింది విన్నాక నా కోపం ఏమైపోయిందో నాకే తెలియదు. ఆవిడ హైస్కూలు అయ్యే రోజు కొత్త గౌను వేసుకుని, వాళ్ళ నాన్నని మొదటి వరసలో కూర్చోబెట్టి, పేరు పిలుస్తారని ఎదురుచూశారట. పిలవలేదు. రెండు క్రెడిట్లు తక్కువట. అది నాలుగేళ్ళలో ఎవరూ లెక్క చూసి చెప్పలేదు. డిప్లొమా తీసుకునేసరికి ఆవిడకి ఇరవై మూడేళ్ళు, వాళ్ళ నాన్న లేడు.

ఇంకా చిన్న చిక్కు మిగిలింది. ఏప్రిల్ చివర్లో నది మీద మంచు పగిలి రోడ్డు మునిగినప్పుడు కొన్ని పాఠాలు పోయాయి. జూన్ రెండో శనివారానికి ఆవిడ పుస్తకంలో యాభై తొమ్మిది గంటలే తేలాయి. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం రెండింటికి డిప్లొమాలు ఇచ్చే సభ.

"ఒక్క గంటే కదా మేడమ్," అన్నాను.

"ఒక్క గంట వల్లే కదా ఇంతదూరం వచ్చాం," అన్నారు.

ఆదివారం బడికి తాళం. అందుకని పొద్దున్నే ఆరింటికి మా ఇంటికే వచ్చారు, సభకి వేసుకునే నీలం గౌనుతో, తలకి క్లిప్పులతో. నేను పిన్ని ఉత్తరాలు రెండు, జపమాల ప్రార్థన ఒకటి చదివాను. ఆవిడ చెప్పినవి రాశాను. అయిపోయిందనుకుంటే ఇంకా నాలుగు నిమిషాలుంది అన్నారు. చదవడానికి ఇంకేం లేక అమ్మ బక్‌వీట్ పిండి సంచి మీదున్న ఫ్రెంచి రాతంతా చదివించారు, మిల్లు అడ్రసుతో సహా. నాన్న పశువుల దగ్గర్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, డిప్లొమా పిండి వాళ్ళిస్తున్నారా అన్నాడు.

గడియారం ఏడు కొట్టింది. ఆవిడ పుస్తకంలో అరవై అని రాసి సంతకం పెట్టి నాచేత పెట్టించారు. అప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాను. ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి నేనూ ఏడ్చాను. నేనన్న మాటలకి క్షమించమని అప్పుడు అడగగలిగాను. "ఏ మాటలు?" అన్నారావిడ.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"అయిపోయింది ఫిలోమెన్. ఇక నీ కూతుర్ని ఎవరూ ఆపలేరు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఇంకెందుకు? దానికి ఇరవై క్రెడిట్లూ వచ్చేశాయిగా."

అమ్మ చేతులు తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడుచుకుంది. "దానికి వచ్చాయి," అంది. "నాకెన్ని తక్కువో చూడవా?"

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. టిబొడో గారు తన పక్క కుర్చీ వెనక్కి లాగారు. "కూర్చో ఫిలోమెన్. ఎనిమిదిలో ఏమేం చదివావో చెప్పు," అన్నారు.

అమ్మ కూర్చుంది. పెనం మీద అట్టు మాడుతున్నా లేవలేదు. నేనే వెళ్ళి దాన్ని తీసి, పక్కగదిలో నా గౌను ఇస్త్రీ చేసుకుంటూ అమ్మ గొంతు విన్నాను. ఇంగ్లీషు, లెక్కలు, భూగోళం అని ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని చెబుతోంది.