బ్రేకు మీద వేలు

మా మరిది ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఆఁ, వదిలెయ్యండి" అనడమే రోజంతా అతను మాట్లాడే మాటలు. బయట కూడా అంతకు మించి పలకడు. పెళ్లి చేసుకోవయ్యా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు.

అలాంటివాడు ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి మా గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. నన్ను పలకరించడానికి అనుకునేరు! ముందుగదిలో నా కుట్టుమిషను పక్కనున్న పాత కంప్యూటరు కోసం. వీపు ఉబ్బిన ఆ పెట్టెలో ఒక మోటారుసైకిళ్ల పందెం ఆట ఉండేది. మనది ఎర్ర బండి. పక్కనుంచి వచ్చి తన్నే రౌడీలు, వెనక తరుముకొచ్చే పోలీసులు. ఒకప్పుడు ఆ చప్పుడు వింటేనే నాకు ఒళ్లు మండేది.

ఎందుకంటే మా ఆయనా ఇతనూ కలిసి ఆడేవారు. కలిసి అంటే చెరో బండీ కాదు. ఒకటే బండి, ఒకటే కీబోర్డు. చిన్నప్పుడు వీధి చివర కంప్యూటర్ల కొట్లో పిల్లల గుంపు మధ్య ఇద్దరికీ కలిపి ఒకే వంతు దొరికేదట. అప్పుడే పంచుకున్నారు. బండి తిప్పడం తమ్ముడిది. పరుగు, బ్రేకు, తన్నులు అన్నయ్యవి. మీసాలొచ్చినా ఆ పంపకం మారలేదు. భుజాలు రాసుకుంటూ, ఒక్క ముక్క మాట్లాడుకోకుండా గంటలు గంటలు ఆడేవారు. "అన్నానికి లేస్తారా, ఆ కంప్యూటర్నే ఉడకేసి పెట్టనా?" అని నేను గొంతు పెంచితే, మా ఆయన వెనక్కి తిరక్కుండానే ఒక చెయ్యెత్తి "వస్తున్నాం, చల్లబడు" అనేవారు. ఏం మాయో, చల్లబడేదాన్ని.

పోయినేడు పనిలో ఉండగా ఆయన గుండె ఆగిపోయింది. అంతకంటే చెప్పలేను.

తర్వాత చాలా ఆదివారాలు మరిది రాలేదు. వచ్చిన రోజు మాత్రం తిన్నగా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. పక్కనున్న ఆయన కుర్చీని జరపలేదు. జేబులోంచి ఏదో తీసి కీబోర్డు మీద పెట్టాడు. చూద్దును కదా, ఎక్స్‌రే గదిలో వాడే సీసపు ముక్క! పరుగు మీట మీద అన్న వేలికి బదులు ఆ బరువు. బండి రయ్యిమని పోతోంది, ఇతను తిప్పుతున్నాడు. రౌడీలు తన్నితే పడుతున్నాడు, లేస్తున్నాడు. ముందు మలుపులు ఎలాగో గట్టెక్కాడు గానీ, వంతెన మలుపులో గోడకి కొట్టుకుని నీళ్లలో పడ్డాడు. ఎన్నిసార్లు ఆడినా అక్కడే.

"ఆ బ్రేకేదో నువ్వే నొక్కుకోవచ్చుగా? వేళ్లు లేవా నీకు?" అన్నాను.

"అది అన్నయ్యది వదినా."

వెళ్లి మళ్లీ మిషను ముందు కూర్చున్నాను.

అక్కణ్నుంచి ప్రతి ఆదివారం ఇదే తంతు. ఇంతలో కంప్యూటరుకీ రోజులు దగ్గరపడ్డాయి. తెర ఒణికేది, ఉన్నట్టుండి నల్లబడేది. బాగుచేసే అతను మూత విప్పి చూసి, "ఈసారి ఆగిందంటే లేవదమ్మా, దీని సామాను ఎక్కడా దొరకదు" అని చేతులెత్తేశాడు. అప్పుడు మరిది మొహం చూడాలి.

"ఒక్కసారి ఆ వంతెన దాటి చివరి గీత దాకా వెళ్తే చాలు వదినా. తర్వాత ఏమైపోయినా పర్లేదు" అన్నాడు. అంత పొడుగు మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు.

ఆ వేళ నేను బడిపిల్లల చొక్కాలు కుడుతున్నాను. పక్కన ధభీమని బండి పడ్డ చప్పుడు. మళ్లీ. మళ్లీ. నాకు చిర్రెత్తుకొచ్చింది. చొక్కా అవతల పడేసి, వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన పోయాక దాంట్లో ఎవరం కూర్చోలేదు. మరిది బిత్తరపోయాడు.

"గుడ్లప్పగించి చూస్తావేం? ఆ సీసం తియ్యి. మీటలు చూపించు."

"ఇది పరుగు, ఇది బ్రేకు, ఇది తన్ను."

"ఓస్, ఇంతేనా! కాలరు మలుపు దగ్గర మిషను నెమ్మది చేసినట్టేగా."

బయల్దేరాం. బ్రేకు అనుకుని తన్ను నొక్కాను, బండి మీద మావాడు గాల్ని తన్నాడు. మరిది ఫక్కున నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో! ఇంకాస్త ముందుకెళ్లాక ఒక రౌడీ పక్కకొచ్చాడు. లాగి ఒక్కటిచ్చాను, పల్టీలు కొట్టాడు. "అద్దీ, వదినా!" అన్నాడు. నాకూ హుషారొచ్చింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకూ ఆ గీత చూడాలనిపించింది. దూరంగా వంతెన కనపడింది.

"నొక్కనా?" అన్నాను. వంతెన దగ్గరపడుతోంది.

"చెప్పవయ్యా, ఎప్పుడు నొక్కాలి? ఇప్పుడా?"

అతను నావైపు తిరిగాడు.

"నాకు తెలీదు వదినా. నేనెప్పుడూ చెప్పలేదు. అన్నయ్యే నొక్కేసేవాడు."

గోడ రానే వచ్చింది. ఎర్ర బండి గాల్లో గిరగిరా తిరిగి నీళ్లలో పడింది. తెర ఒణికి నల్లబడింది. మరిది కంప్యూటరు స్విచ్చి నొక్కాడు, వెనక తీగలు కదిపాడు, పెట్టె మీద చరిచాడు. లేవలేదు.

నా వేలు ఇంకా బ్రేకు మీదే ఉంది. ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన పోయిన రోజున కూడా అంత గట్టిగా ఏడవలేదు. వీధిలోకి వినపడుతుందని తెలిసినా ఆపుకోలేకపోయాను. మరిది నావైపు చెయ్యి చాపాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. నన్నెలా ఆపాలో పాపం అతనికీ తెలీదు.